కూపన్ నింపితే తగిలిన ప్రైజ్

పోయిన దసరాకి నేనూ, మా చిన్నమ్మ కొడుకూ నిజామాబాద్‌లో ఒక షోరూంకి వెళ్లాం. ఇంటర్వ్యూలకు వేసుకోవడానికి వాడికి రెండు చొక్కాలు కావాలి. బిల్లు కట్టగానే కౌంటర్‌లో అమ్మాయి రెండు కూపన్లు చేతిలో పెట్టింది. పేరు, ఫోన్ నంబర్, ఈమెయిల్ రాసి డబ్బాలో వెయ్యాలి. బంపర్ ప్రైజ్ బైక్. ఇద్దరం రాసేశాం. మీరైనా రాసేవాళ్లే కదా!

బైక్ రాలేదు, మెయిల్స్ వచ్చాయి. ఆఫర్లు, లోన్లు, కోచింగ్‌లు, ఎన్నడూ పేరు వినని ఇన్సూరెన్స్‌లు. ఆ కూపన్ వల్లే అని నేను రుజువు చెయ్యలేను. మనం ఎన్ని చోట్ల మెయిల్ ఐడీ ఇచ్చామో మనకే గుర్తుండదు.

జనవరిలో వాడు బోధన్ నుంచి ఫోన్ చేశాడు. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ పంపింది. వీడు చూసేసరికి ఇంటర్వ్యూ అయిపోయి రెండు రోజులు.

"అన్నా, దినాం యాభై అరవై మెయిల్స్ వస్తున్నయ్. అండ్ల అసలుది ఏదో నాకెట్ల ఎరుక? గిట్ల పంపెటోళ్లకు ఫైన్ వెయ్యరా?"

చిన్న విషయం కాదిది. బోధన్‌లో ఒకప్పుడు ఉద్యోగం అంటే శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ. అది 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఇప్పుడు అక్కడి పిల్లలకు ఉద్యోగం కబురు వచ్చేది ఫోన్‌లోని ఆ చిన్న మెయిల్ బొమ్మలోకే. అందులో చెత్త నిండితే పోయేది టైమ్ ఒక్కటే కాదు.

వాడి ప్రశ్నకు జవాబు వెతికాను. ఫోన్ కాల్స్, ఎస్ఎంఎస్‌ల విషయంలో చట్టం గట్టిగానే ఉంది. ట్రాయ్ 2018లో తెచ్చిన రూల్స్‌ని 2025 ఫిబ్రవరిలో ఇంకా బిగించింది. స్పామ్ వచ్చిన ఏడు రోజుల్లోపు 1909కి ఫిర్యాదు చెయ్యొచ్చు. రిజిస్టర్ కాకుండా మామూలు నంబర్ నుంచి పంపేవాళ్ల మీద అయితే మీరు డీఎన్‌డీలో లేకపోయినా సరే. అలాంటి నంబర్ మీద పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చర్య మొదలవ్వాలి. స్పామ్ లెక్కలు తప్పుగా చూపించే టెలికాం కంపెనీకి మొదటిసారి 2 లక్షలు, రెండోసారి 5 లక్షలు, ఆ తర్వాత ప్రతిసారీ 10 లక్షల జరిమానా.

మరి ఈమెయిల్? అది ట్రాయ్ పరిధిలో లేదు. 1909కి చెప్పినా లాభం లేదు. అమెరికాలో 2003లోనే క్యాన్-స్పామ్ అని చట్టం తెచ్చారు. వద్దన్నవాడికి పది పనిదినాల్లో ఆపెయ్యాలి, లేదంటే ఒక్కో మెయిల్‌కి 50 వేల డాలర్లకు పైగా జరిమానా పడొచ్చు. మన దగ్గర స్పామ్ మెయిల్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు.

ఒకప్పుడు దానికి దగ్గరగా ఒకటి ఉండేది. ఐటీ చట్టంలో సెక్షన్ 66ఎ. చిరాకు, ఇబ్బంది కలిగించడానికి మెయిల్ పంపితే మూడేళ్ల దాకా జైలు. కానీ అది పట్టుకున్నది స్పామ్ కంపెనీలను కాదు. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ పోస్ట్ గురించి ఇద్దరు అమ్మాయిలను అరెస్ట్ చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టేసింది. మంచి పని చేసింది. "చిరాకు" అనే మాట మీద చట్టం రాస్తే, ఎవరికి చిరాకొచ్చినా ఎవరో ఒకరు జైలుకి పోవాల్సిందే.

అందుకే నాకు అర్థమైంది ఒకటే. చట్టం అడగాల్సింది "నీకు చిరాకేసిందా" అని కాదు, "నువ్వు ఒప్పుకున్నావా" అని. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ఆ దారిలోనే ఉంది. మన వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి ఒప్పించాలి. ఒప్పుకోవడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. తప్పితే 50 కోట్ల దాకా జరిమానా పడొచ్చు. అయితే రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే దాకా ఆగాలి. జరిమానా డబ్బు పోయేది ప్రభుత్వ ఖజానాకే, మా తమ్ముడికి కాదు.

ఇంకో మాట. ఏ జరిమానా అయినా బోర్డు పెట్టుకుని, జీఎస్టీ కట్టి వ్యాపారం చేసేవాడికే భయం. దొంగకి భయం లేదు. "దుబాయ్‌లో ఉద్యోగం, వీసా ఫీజు పంపండి" అని మెయిల్ పెట్టేవాడు చేసేది స్పామ్ కాదు, మోసం. ఇంటికొకరు గల్ఫ్‌కి పోయిన మన ఊళ్లలో ఈ తేడా తెలియాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

చట్టం వచ్చేలోపు మనం చెయ్యగలిగింది కొంత ఉంది. తెలిసిన కంపెనీ మెయిల్ అయితే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. జీమెయిల్‌కి రోజుకి 5 వేలకు పైగా పంపేవాళ్లు ఆ బటన్ పెట్టాల్సిందే అని 2024లో గూగుల్ రూల్ పెట్టింది. తెలియనివాడి మెయిల్ అయితే అందులో ఏ లింకూ ముట్టుకోకండి. "రిపోర్ట్ స్పామ్" చాలు. ఉద్యోగాలకు విడిగా ఒక ఐడీ పెట్టుకోండి, అది ఏ షాపులోనూ రాయకండి.

మా తమ్ముడు ఆ పనే చేశాడు. మొన్న ఉగాదికి మళ్లీ ఒక షాపులో కూపన్ ఇచ్చారు. వాడు ఈమెయిల్ గడి ఖాళీగా వదిలేసి, "ఇది రాయకపోతే నడుస్తదా అక్కా?" అని అడిగాడు.

ఆమె అటు చూడనుకూడా లేదు. "నడుస్తది తమ్మీ, అది ఎవరూ సూడరు" అంది.

దసరాకి మేమూ ఆ ఒక్క మాట అడిగుండాల్సింది.