మూడో నెల దాకా దాచే మాట

మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో చాలా ఇళ్లలో కడుపు పండిన సంగతి మూడో నెల దాటేదాకా బయటపెట్టరు. దిష్టి భయం. ఏర్పాట్లన్నీ ఇంకా తర్వాతే: సీమంతం, గాజులు, పుట్టింటి ప్రయాణం. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం మాత్రం కడుపున పడ్డ నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అందుకే ఫోలిక్ యాసిడ్ మాత్ర నెల తప్పకముందే మొదలవ్వాలి. మనం చెప్పుకునే వేళకు ఆ గడువు దాటిపోయి ఉంటుంది. ఊరికి చెప్పకపోతే పోనీ, ఏఎన్ఎమ్మకు దాచడం దేనికి?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు కాన్పులు నూటికి 96 ఆసుపత్రుల్లోనే జరిగాయి. అదే సర్వేలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతే. అంటే కాన్పు రోజుకు సిద్ధమయ్యాం, దాని ముందరి నెలలకు కాలేదు. రక్తం తక్కువున్న తల్లికి ఓ మోస్తరు రక్తస్రావమూ ప్రాణాంతకం కావచ్చు. చివరి గంటలో తిరుపతి ప్రసూతి ఆసుపత్రికి పరుగెత్తినా నెలల లోటు పూడదు. ‘మా అవ్వ సంగటి తిని పదిమందిని కనలేదా?’ అంటారు. కన్నది, నిజమే. ఎందరు బతికారో, ఆమె తోటివాళ్లలో ఎందరు పురిట్లో పోయారో ఆ లెక్కలో చేర్చరు. సంగటి మంచిదే, కానీ అందులోని ఇనుము ఒంటికి పట్టేది కొంతే, వెంటనే టీ తాగితే అదీ తగ్గుతుంది. ఐరన్ మాత్రలు ఉచితం. 2016 నుంచి ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలూ ఉన్నాయి. ఆ రోజు కూలి మానుకుని వెంట వెళ్లాల్సింది భర్తే. ఈ సంచికలో సగం పుటలు అందుకే అతనికి కేటాయించాం.