చూరు లేని కోటలు

ఇటలీ నుంచి గుమ్మం, గ్రీసు నుంచి తెల్లరంగు, బాలి నుంచి స్విమ్మింగ్ పూల్, దుబాయ్ హోటల్ లాబీ నుంచి షాండ్లియర్. నాలుగింటినీ ఫోన్‌లో పట్టుకొచ్చి, టెక్సాస్‌లో ఒకే కప్పు కింద కుక్కేసి, దానికి కస్టమ్ హోమ్ అని పేరు పెట్టుకుంటున్నాం. డల్లాస్ శివార్లలో ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా వైపు మన తెలుగువాళ్ళ గృహప్రవేశాలకు వెళ్తే సత్యనారాయణ వ్రతం కంటే ఇల్లు చూపించే కార్యక్రమమే ఎక్కువసేపు నడుస్తోంది. "ఇది టస్కనీ స్టైలండీ", "ఇది శాంటోరినీలో చూసి చేయించాం", "ఈ బాత్‌రూమ్ అచ్చం బాలి రిసార్ట్‌లోదే". గదికో ఊరి పేరు చెబుతారు. ఆ గదిలోకి ఎండ ఏ వేళకు వస్తుందో, గాలి ఎటు నుంచి వీస్తుందో మాత్రం చెప్పలేరు. అడిగితే నవ్వేసి, "ఏసీ ఉంది కదండీ" అంటారు.

ఖర్చు మీద నాకేమీ కోపం లేదు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళకేళ్ళు కళ్ళు కాయలు కాచేలా చూసి, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలు చేసి కూడబెట్టుకున్నవాళ్ళు మంచి ఇల్లు కట్టుకోవాల్సిందే. అంత డబ్బు పోసీ మంచి ఇల్లు కట్టుకోవడం లేదని నా కోపం. అన్ని దేశాలు తిరిగీ ఏమీ చూడకుండా వస్తున్నారని నా కోపం.

శాంటోరినీలో ఏం చూశారు? తెల్లగోడ, నీలం తలుపు, వెనక సముద్రం, ముందు మనం. ఆ ఇళ్ళు అలా ఎందుకున్నాయో ఎవరైనా అడిగారా? అది అగ్నిపర్వతం పేలి మిగిలిన ద్వీపం. కలపకు కటకట, నీటికి కటకట. అందుకే గట్టిపడిన బూడిద పొరల్లోకి తొలుచుకుంటూ పోయి గదులు చేసుకున్నారు. దూలాలు అక్కర్లేని వంపు కప్పులు వేసుకున్నారు. ఎండను వెనక్కి కొట్టడానికి సున్నం పూసుకున్నారు. లేమిలోంచి పుట్టిన తెలివి అది. మనం ఆ తెలివిని అక్కడే వదిలేసి రంగు డబ్బా నంబరు ఒక్కటీ తెచ్చుకున్నాం.

టస్కనీ సంగతీ అంతే. అక్కడి పల్లె ఇళ్ళకు మందపాటి రాతి గోడలు, చిన్న కిటికీలు, వాటికి బయట చెక్క రెక్కలు. మిట్టమధ్యాహ్నం రెక్కలు మూస్తారు, చల్లబడ్డాక తెరుస్తారు. డల్లాస్ టస్కనీలో రాయి అంగుళం రెండంగుళాల తొడుగు. చూరు కింద కార్నిస్ ఫోమ్‌తో చేసి రాయిలా రంగేసింది. కిటికీకి అటూ ఇటూ రెక్కలుంటాయి కానీ వాటిని గోడకే బిగించేశారు. మూద్దామంటే కదలవు. ఒకవేళ కదిలినా కిటికీ వెడల్పుకు చాలవు. మూతపడని కిటికీ రెక్కను గోడకు కొట్టించుకుని, దానికి డబ్బిచ్చి, దాన్ని అభిరుచి అని పిలుచుకునే జాతికి ప్రయాణం ఏం నేర్పుతుంది?

ఇక అందరూ నామీద విరుచుకుపడే మాట చెబుతాను. తూర్పు ముఖం.

వాస్తుకు నేను శత్రువును కాను. దేవుడి గది ఈశాన్యంలో పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ తూర్పు ముఖం ప్లాటు కోసం అదనంగా డబ్బు కట్టి, లాటరీల్లో నిలబడి కొనుక్కుంటున్నది ఏమిటో ఒక్కసారి చూడండి. అమెరికా సబ్‌డివిజన్ ఇంటికి ముందువైపు గరాజు, గుమ్మం. మనుషులు బతికేదంతా వెనకవైపే. ఫ్యామిలీ రూమ్, రెండంతస్తుల ఎత్తు అద్దాల గోడ, బ్రేక్‌ఫాస్ట్ నూక్, ప్యాటియో, అన్నీ పెరటివైపే. ముఖం తూర్పైతే వీపు పడమర. అంటే జూలై సాయంత్రం 7 గంటలకు, టెక్సాస్ సూర్యుడు అడ్డంగా కళ్ళల్లోకి పొడిచే వేళకు, మీ అద్దాల గోడ సరిగ్గా ఆయన ఎదుట నిలబడి ఉంటుంది. అంత కిందికి దిగిన ఎండను మామూలు చూరు ఆపలేదు. కాబట్టి బ్లైండ్స్ దించుతారు. అంటే లక్ష రూపాయల మాటలు చెప్పి కట్టించుకున్న అద్దాల గోడను మూడు నెలలపాటు గుడ్డతో కప్పుకుంటారు. 2011లో డల్లాస్-ఫోర్ట్‌వర్త్‌లో 71 రోజులు ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ముట్టుకుంది. 1980లో వరసగా 42 రోజులు అదే మంట. ఈ ఊళ్ళో పడమటి అద్దం అలంకారం అవుతుందా, శిక్ష అవుతుందా మీరే చెప్పండి.

మన పెద్దల లెక్కలు మన ఆకాశానికి సరిపోయాయి. విజయవాడ ఉన్నది 16న్నర డిగ్రీల అక్షాంశం మీద. అక్కడ మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి వాలతాడు. డల్లాస్ దాదాపు 33 డిగ్రీల మీద, కర్కాటక రేఖకు బాగా పైన ఉంది. ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణాన్నే ఉంటాడు. జూన్‌లో 80 డిగ్రీల ఎత్తులో, డిసెంబరులో 34 డిగ్రీల లోపు. దక్షిణపు గోడకు రెండడుగుల చూరు దించితే జూన్ మధ్యాహ్నం కిటికీ నిండా నీడ పడుతుంది, డిసెంబరులో ఆ నీడ అడుగున్నరకు మించదు. వేసవిలో ఎండ రాదు, చలికాలంలో తానే లోపలికొచ్చి నేల వెచ్చబరుస్తుంది. కరెంటు ఖర్చు లేదు, రిమోట్ లేదు, రిపేరు లేదు. పైగా ఇక్కడ వేసవి గాలి ఎక్కువగా వీచేది కూడా దక్షిణం నుంచే. ఇంత దొరికే దిక్కును "దక్షిణమా, వద్దు బాబోయ్" అని మూసేసుకుంటున్నాం. పూర్వులు ఆకాశం చూసి రాశారు. మనం రాసింది చూసి ఆకాశాన్ని మరిచాం.

మట్టి గురించి కూడా రెండు ముక్కలు. డల్లాస్ చుట్టూ బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అని ఒక నేల పట్టీ ఉంది. ఒకప్పుడు పత్తి పండించిన నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. గుంటూరు జిల్లావాడికి ఆ నేల గురించి ఎవరైనా చెప్పాలా? మన నల్లరేగడి! శాస్త్రజ్ఞులు రెంటినీ వెర్టిసాల్ అనే ఒకే కులంలో చేర్చారు. ఆ మట్టి మీద గోడలెలా బీటలు వారతాయో చిన్నప్పుడే చూసినవాళ్ళం, ఇక్కడ డిజైన్ సెంటర్‌లో కూర్చుని కౌంటర్‌టాప్ రాయి రంగు గురించి మూడు గంటలు మాట్లాడతాం. పునాది కింద మట్టి పరీక్ష కాగితం చదవడానికి మూడు నిమిషాలు ఉండదు. తర్వాత ఆగస్టులో స్లాబు చుట్టూ గొట్టాలు పరిచి నేలకు నీళ్ళు తాపుతూ తిరుగుతాం.

ప్రయాణం చేసి నిజంగా చూసినవాళ్ళు ఈ అమెరికాలోనే ఉన్నారు. ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1905లో జపాన్ వెళ్ళాడు. ఆ దేశపు కళ అంటే ఆయనకు ప్రాణం. అయినా ఇల్లినాయిస్‌లో పగోడా కట్టలేదు. 1910లో షికాగోలో పూర్తయిన రోబీ హౌస్ ముందు నిలబడి పైకి చూడండి. ఎంత చూరు! దక్షిణపు అద్దాల తలుపులకు వేసవి మధ్యాహ్నం నీడనిచ్చేలా, చలికాలపు ఎండను లోపలికి రానిచ్చేలా ఆ చూరును లెక్కగట్టాడు. 1937లో అదే మనిషి విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో జేకబ్స్ దంపతులకు 5,500 డాలర్లలో ఇల్లు కట్టిపెట్టాడు. సుమారు 1,500 చదరపు అడుగులు. వీధివైపు మూసి, తోటవైపు తెరిచిన ఇల్లు. 2019లో అది యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. మీ 6,000 అడుగుల ఇంట్లో ఫార్మల్ లివింగ్ సోఫా మీద చివరిసారి ఎవరు కూర్చున్నారో గుర్తుందా? అమెరికాలో కొత్త ఇంటి మధ్యస్థ విస్తీర్ణం 1973లో 1,525 చదరపు అడుగులు, 2015 నాటికి 2,467. అదే కాలంలో ఇంట్లో మనుషుల సగటు 3.01 నుంచి 2.54కు పడిపోయింది. ఆ జబ్బు మనం తెచ్చింది కాదు, కానీ అందరికంటే ముదరబెట్టుకున్నది మనమే.

రైట్ పేరు అందరికీ తెలుసు. ఓ'నీల్ ఫోర్డ్ పేరు డల్లాస్ తెలుగువాళ్ళలో ఎందరికి తెలుసు? 1905లో టెక్సాస్‌లోనే పుట్టాడు. కాలేజీ డిగ్రీ లేదు, పోస్టులో పాఠాలు చదువుకుని ఆర్కిటెక్చర్ నేర్చుకున్నాడు. డల్లాస్ ఆర్కిటెక్టు డేవిడ్ విలియమ్స్‌తో కలిసి 1920ల్లో ప్రయాణాలు చేశాడు. రోమ్‌కూ ప్యారిస్‌కూ వెళ్ళలేదు. 1844లో ఆల్సేస్ వలసదారులు కట్టుకున్న క్యాస్ట్రోవిల్, 1846లో జర్మన్లు కట్టుకున్న ఫ్రెడరిక్స్‌బర్గ్, అలాంటి టెక్సాస్ పల్లెలు తిరిగి, పాత ఇళ్ళను గీసుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు. గాలి వచ్చే వైపు వరండాలు, లోతైన నీడ, దగ్గర్లో దొరికే రాయి. అక్కడ దిగిన వలసదారులు మనలాంటివాళ్ళే. యూరప్ ఇంటిని మోసుకొచ్చి, టెక్సాస్ ఎండ చేత దెబ్బలు తిని, దాన్ని మార్చుకున్నారు. ఆ మార్పు చూసి వీళ్ళిద్దరూ టెక్సాస్‌కు ఆధునిక ఇల్లు ఎలా ఉండాలో నేర్చుకున్నారు. ఫోర్డ్ 1939లో కట్టిన చిన్న ప్రార్థనాలయం ఫ్రిస్కోకు పక్కనే డెంటన్‌లో ఉంది. శాంటోరినీకి పదిహేను గంటలు విమానంలో కూర్చునేవాళ్ళు డెంటన్‌కు అరగంట కారు నడపలేరా?

జాన్సన్ సిటీకి కూడా వెళ్ళండి. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తాతగారి కర్ర ఇల్లు అక్కడ జాతీయ పార్కులో భద్రంగా ఉంది. రెండు గదులు, మధ్యలో అటూ ఇటూ తెరిచిన నడవ, అంతా ఒకే కప్పు కింద. డాగ్‌ట్రాట్ అంటారు. వేసవిలో గాలి ఆ నడవలోంచి దూసుకుపోతుంది, మనుషులు అక్కడే కూర్చునేవాళ్ళు. గోదావరి జిల్లాల మండువా లోగిలి చేసే పని కూడా అదే. వెలుతురుకు, గాలికి ఇంటి నడుమ చోటు వదలడం. ఇది చెప్పగానే కొందరు ఇంటి మధ్యలో నాలుగు స్తంభాలు పాతించి, పైన అద్దం మూత వేయించి, "మండువా" అని ఫోటోలు దిగుతారని తెలుసు. గాలి కదలని, వాన పడని మండువా ఇంకో టస్కనీ. ఆకారం తేకండి. పని తెండి.

ఇంటి లోపలికి వస్తే ఇంకా మంట. స్పైస్ కిచెన్ అని ఒకటి మొదలెట్టాం. ముందు వంటగది పెళ్ళిచూపులకు, వెనక వంటగది కాపురానికి. ముందున్నదానిలో పాలరాతి ఐలాండ్, దాని మీద ప్లాస్టిక్ నిమ్మకాయల గిన్నె. తాలింపు మాత్రం వెనక కిటికీ లేని కొట్లో. ఆ కొట్లో చెమటలు కక్కుతున్నది ఎవరు? పొగకు మందు రెండో వంటగది కాదు. పొగను నేరుగా బయటికి తోసే హుడ్, దానికి సరిపడా గొట్టం, పోయిన గాలికి బదులు గాలి వచ్చే దారి, ఎదురుగా ఒక కిటికీ. ఈ నాలుగింటికీ కలిపి అయ్యే ఖర్చు ఆ రెండో గది ఖర్చులో ఎంతో లెక్క అడగండి, బిల్డర్ ముఖం చూడండి.

మరి అమ్మానాన్నలు? విజిటర్ వీసా మీద ఆరు నెలలు వస్తారు. వాళ్ళకోసం గెస్ట్ సూట్ కట్టామని గర్వంగా చెబుతాం. ఆ సూట్‌లోంచి బయటికి చూస్తే ఏం కనిపిస్తుంది? ఎదురింటి మూడు కార్ల గరాజు తలుపులు. ఊళ్ళో అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను పలకరించిన మనిషిని, నాలుగడుగుల లోతు కూడా లేని ముందు వరండా దగ్గర నిలబెట్టాం. 1977లో వచ్చిన "ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్" పుస్తకంలో క్రిస్టఫర్ అలెగ్జాండర్ బృందం ఎప్పుడో చెప్పింది, ఆరడుగుల లోతు లేని బాల్కనీని, వరండాను జనం వాడరని. రెండు కుర్చీలు పట్టే వరండాకు చోటు లేదట! ఎవరూ అడుగుపెట్టని రెండంతస్తుల ఎత్తు ఫోయర్‌కు మాత్రం చోటుంది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు పోయి లక్షల ఇళ్ళు గడ్డకట్టినప్పుడు, ఆ ఎత్తు కప్పుల కింద ఉన్న కాస్త వేడీ పైకి పోయింది. షాండ్లియర్ వెచ్చగా ఉంది, పిల్లలు వణికారు.

"మా డబ్బు, మా ఇష్టం" అంటారు. సరే. అయితే మీ ఇష్టమే కట్టండి. రీసేల్‌కు బాగుంటుందని బిల్డర్ చెప్పిన బూడిద రంగు, పక్క వీధి వాళ్ళు పెట్టించారని మీడియా రూమ్, కాలనీ ఇళ్ళ సంఘం హెచ్‌ఓఏ ఒప్పుకుంటుందని అదే ముఖద్వారం. ఇందులో మీ ఇష్టం ఎక్కడుంది? ఎప్పుడో వచ్చే ఎవరో కొనుగోలుదారుడి కోసం ముప్పయ్యేళ్ళు అప్పు కడుతూ, ఆయన ఇంట్లో మీరు అద్దెకుంటున్నారు.

కాబట్టి ఇటలీ తప్పకుండా వెళ్ళండి. వెళ్ళినచోట గోడ మందం కొలవండి, చూరు ఎంత దిగిందో చూడండి, మధ్యాహ్నం ఆ ఇంటివాళ్ళు ఏ గదిలో కూర్చుంటారో కనుక్కోండి. తిరిగొచ్చాక కొనబోయే ప్లాటులో జూలై సాయంత్రం ఒక గంట నిలబడండి. తర్వాత ఆర్కిటెక్టును, బిల్డర్‌ను ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు వేయండి. పడమటి ఎండను ఎలా ఆపుతావు? దక్షిణపు గాలిని ఎక్కణ్ణుంచి తెస్తావు? ఈ మట్టి ఉబ్బితే పునాది ఏం చేస్తుంది? మా అమ్మ సాయంత్రం ఎక్కడ కూర్చుంటుంది? ఈ నాలుగింటికీ ప్లాన్ మీద గీసి జవాబు చూపించలేనివాడు ఎంత అందమైన రెండరింగ్ తెచ్చినా సరే, వాడికి చెక్కు రాయొద్దు.