మోదుగ అని చెప్పడానికి సిగ్గెందుకు?

తమ్ముళ్లారా!

వార్షికోత్సవ సంచికలో మీకొక్క మాట చెప్పాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

హైదరాబాదు కొత్తగూడలో బొటానికల్ గార్డెన్ ఉంది. దానికి మన ఉమ్మడి కర్నూలు జిల్లా నుంచి ముఖ్యమంత్రి అయిన కోట్ల విజయభాస్కరరెడ్డి గారి పేరే పెట్టారు. డిగ్రీలో అక్కడికి వెళ్లినప్పుడు లెక్చరర్ ఒక చెట్టు చూపించి, పేరేమిటని అడిగారు. మా అవ్వ ఆ ఆకులతోనే విస్తర్లు కుట్టేది. అయినా నోరు విప్పలేదు. పల్లెటూరోడని నవ్వుతారని సిగ్గు. 'బ్యూటియా మోనోస్పెర్మా, మోదుగ' అని చివరికి ఆయనే చెప్పారు. ఆ సిగ్గు నేటికీ నన్ను బాధిస్తోంది.

ఎండలు ముదరకముందే మోదుగ పూలు, నడి ఎండాకాలంలో రేల పూలు, తొలకరికి ఆరుద్ర పురుగులు, వానల్లో నెమలి ఆట, ఆపైన తంగేడు పూత. పట్నంవాళ్లు సెలవు పెట్టుకుని చూసేవి మనకు పొలం గట్లమీద, నల్లమలలో చిన్నప్పటినుంచీ తెలిసినవే.

పరీక్షలకు ఇవెందుకని అనకండి. బయాలజీ పాఠం సగం మన కళ్లముందే ఉంది. బట్టమేకపిట్ట కోసం 1988లో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పాటైంది. నేడు అక్కడ ఆ పిట్ట కనబడటమే గగనం. పేరు కూడా మరిస్తే, పోయిందని బాధపడేవారే ఉండరు.

ఎక్స్‌కర్షన్‌లో గుడి, డ్యాంలతోపాటు ఒక పూట చెట్లకూ ఇవ్వాలి. అంతకుముందే మన ఆవరణలోని చెట్లకు తెలుగు పేరు, శాస్త్రీయ నామం రాసి అట్టముక్కలు కట్టండి. ఏ నెలలో ఏది పూసిందో, ఏ పిట్ట వాలిందో నోటుబుక్కులో రాయండి.

రేపు ఎవరైనా అడిగితే, తల దించకుండా చెప్పండి.

- ఒక పూర్వ విద్యార్థి