నూనె చుక్కకి ఆడా మగా ఏమిటి?

మగపిల్లాడికి రైలింజను, ఆడపిల్లకి లక్కపిడతలు... బొమ్మలు కొనేటప్పుడు మనం చేసే ఈ పంపకం గురించి ఇదివరకే చాలామంది రాశారు. నేనడిగేది ఆ తర్వాతి సంగతి. కొన్న బొమ్మని పాడవకుండా చూసుకునే పని ఎవరికి నేర్పిస్తున్నాం?

ఇంగ్లండులో పెరట్లో పట్టాలు వేసుకుని చిన్న చిన్న ఆవిరి ఇంజన్లు నడుపుకోవడం చాలామందికి సరదా. అక్కడుంటున్న మా మరిదికీ ఆ పిచ్చి పట్టింది. కిందటి వేసవిలో వెళ్లినప్పుడు చూశాను. పట్టాల మధ్య వెడల్పు 32 మిల్లీమీటర్లే గానీ ఇంజను మాత్రం అసలుదే. బాయిలర్లో నీళ్లు మరగాలి, ఆవిరి పిస్టన్లని తొయ్యాలి. తన కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని నూనె వెయ్యడం నేర్పిస్తున్నాడు. పన్నెండేళ్ల మా అమ్మాయి చెయ్యి చాపితే, "నీకెందుకమ్మా, చేతులు మసవుతాయి. లోపల్నుంచి టీ పట్టుకురా" అన్నాడు!

ఆ నూనె సంగతేమిటో నేనే దగ్గర కూర్చుని తెలుసుకున్నాను. సిలిండర్లకి స్టీమ్ ఆయిల్ అని చిక్కటి నూనె వెయ్యాలి. ఆవిరి వేడికి పల్చటి నూనె నిలవదు. కార్లలో పోసే ఇంజనాయిలు నీళ్లు తగిలితే చిలికినట్టు తెల్లగా అయిపోతుంది. ఇక ఆ నూనె లోపలికి వెళ్లే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఆవిరి గొట్టాన్ని ఆనుకుని చిన్న నూనె గిన్నె, మధ్యలో సన్నటి కన్నం. ఆవిరి అందులోకి చేరి, చల్లబడి నీరవుతుంది. నీరు అడుక్కి దిగుతుంది, నూనె పైకి లేచి కొంచెం కొంచెంగా ఆవిరితోపాటు సిలిండర్లలోకి పోతుంది. పులుసు మీద నూనె తేలడం రోజూ చూసే మనకి ఇది ఒకరు పాఠం చెప్పాలా? బండి ఆగి చల్లారాక ఆ గిన్నెలో నీరు వంపేసి మళ్లీ నూనె నింపాలి, అంతే.

ఇరుసులకీ, చక్రాలు తిప్పే కడ్డీలకీ పల్చటి నూనె, తలా ఒక్క చుక్క. ముందు పాత జిడ్డు తుడవాలి. ఎక్కువైతే దుమ్ము అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుంది. బాయిలర్లోకి డిస్టిల్డ్ వాటర్ పోస్తే మేలు. కుళాయినీళ్లు పోస్తే మన ఇడ్లీపాత్రలో పట్టినట్టే తెల్లటి గార పడుతుంది.

చెప్పండి, ఇందులో ఆడపిల్లకి చేతకానిదేముంది? కుట్టుమిషను తలకాయ వెనక్కి వంచి, కన్నం కన్నానికీ చుక్క వేసి, పాతగుడ్డ మీద నాలుగు కుట్లు కుట్టి ఎక్కువైన నూనె పీల్పించే పని ఇన్నేళ్లుగా చేస్తున్నదెవరు? దాన్ని ఎవరూ మెకానిక్ పని అనలేదు, అదీ విషయం.

కాలుతుందని భయమంటారా? నిజమే, మంట వెలిగించాక పెద్దవాళ్లు పక్కనుండాల్సిందే, సేఫ్టీ వాల్వు బిగుసుకుపోలేదని ముందే చూడాల్సిందే. అది మగపిల్లాడికీ వర్తిస్తుందిగా! పదేళ్లకే ఆడపిల్లని పొయ్యి దగ్గర నిలబెట్టేటప్పుడు ఈ భయం ఎటు పోతుందో! మన దేశంలో మొదటి మహిళా రైలు డ్రైవరుగా పేరు తెచ్చుకున్న సురేఖా యాదవ్ 2025లో రిటైరు కూడా అయ్యారు. మనమింకా బొమ్మ రైలు దగ్గరే తగువు పడుతున్నాం.

ఆవిరి ఇంజను అందరిళ్లలోనూ ఉండదు. కుట్టుమిషను చాలా ఇళ్లలో ఉంటుంది. ఈ ఆదివారం మీ అమ్మాయినీ, అబ్బాయినీ కూడా పిలిచి దాని తలకాయ వంచి చూపించండి. టీ మాత్రం వాళ్ల నాన్నగారిని పెట్టమనండి.