ఫార్మాట్ కొట్టే ముందు తెర చదవండ్రా

మన హాస్టల్లో లాప్‌టాప్ బూట్ అవ్వకపోతే అందరి దగ్గరా ఒకటే మందు. "ఫార్మాట్ కొట్టెయ్ రా, అరగంటలో అయిపోద్ది." నేనూ చాలామందికి ఇదే చెప్పాను. థర్డ్ ఇయర్‌లో నాకు నేనే వేసుకున్నాను. పార్టిషన్లు సర్దబోతే నల్ల తెర మీద 'గ్రబ్ రెస్క్యూ' అని వచ్చి ఆగిపోయింది. మర్నాడు రివ్యూ. కంగారులో డిస్క్ మొత్తం తుడిచేసి కొత్తగా వేశాను. మా నాయనమ్మ పాడిన దంపుళ్ళ పాటలు పదకొండు అందులోనే ఉన్నాయి. మన పత్రిక కోసమే రికార్డు చేశాను. ఆవిడ ఇప్పుడు లేదు.

డిస్క్‌కి ఏమీ కాలేదని తర్వాత తెలిసింది. పార్టిషన్ నంబరు మారింది, గ్రబ్ పాత నంబరు దగ్గరే తన ఫైళ్ళు వెతుక్కుంటోంది. కొత్త చోటేదో చెప్పడానికి మూడు నాలుగు లైన్ల కమాండ్లు చాలు.

ఆ ఉక్రోషంతోనే తొలినాళ్ళ లినక్స్ గురించి చదవడం మొదలుపెట్టాను. 1991లో హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ వదిలిన మొదటి వెర్షన్లకి ఇప్పటిలా ఇన్‌స్టాలర్ లేదు. కొన్నాళ్ళకి ఒక ఫ్లాపీలో కెర్నల్, ఇంకోదాంట్లో రూట్ ఫైల్ సిస్టమ్ వచ్చాయి. మొదటిది చదివేశాక రెండోది పెట్టి ఎంటర్ కొట్టమనేది. హార్డ్ డిస్క్ మీద రూట్ పెట్టుకోవాలంటే 512 బైట్ల బూట్ సెక్టార్‌లో 508 దగ్గరున్న రెండు బైట్లని చేత్తో మార్చాలి. అవి తప్పితే కెర్నల్ లోడవుతుంది గానీ రూట్ దొరక్క పానిక్ అవుతుంది.

తర్వాత వచ్చిన లిలో అనే బూట్ లోడర్ అంటే నాకు భలే ఇష్టం. అది తన పేరులోని నాలుగు అక్షరాలూ ఒక్కో మెట్టు దగ్గర ఒక్కోటి చొప్పున తెర మీద వేసేది. 'ఎల్' దగ్గరే ఆగిందంటే మొదటి భాగం వచ్చింది, రెండో భాగాన్ని తేలేకపోయింది. 'ఎల్ ఐ' అంటే రెండోది వచ్చింది కానీ నడవలేదు. ఇంకో 'ఎల్' కూడా పడి ఆగితే, రెండోది నడిచింది, మ్యాప్ ఫైల్ చదవలేకపోయింది. నాలుగూ పడ్డాయా, బతికిపోయినట్టే. లిలోకి ఫైల్ సిస్టమ్ తెలీదు, కెర్నల్ డిస్క్‌లో ఏ సెక్టార్లలో ఉందో మాత్రమే రాసిపెట్టుకునేది. కొత్త కెర్నల్ వేసి లిలోని మళ్ళీ రన్ చెయ్యడం మర్చిపోతే పాత అడ్రస్‌కే వెళ్ళి తలుపు కొట్టేది. పాత బయాస్‌లతో ఇంకో తంటా, కెర్నల్ 1024వ సిలిండర్ దాటితే అందేది కాదు.

ఆ రోజులే బాగున్నాయని అనట్లేదు. వాటితో కుస్తీ పడే ఓపిక నాకూ లేదు. కానీ ఆ మెషీన్ ఎక్కడ ఆగిందో చెప్పి ఆగేది. ఇప్పుడు లోగో తిరుగుతూ ఉంటుంది, మనం పెన్‌డ్రైవ్ వెతుక్కుంటాం. నిజానికి గ్రబ్ కూడా నాకు చెప్పింది, 'అలాంటి పార్టిషన్ లేదు' అని. నేనే చదవలేదు.

మన ఓఎస్ ల్యాబ్‌లో షెడ్యూలింగ్ ప్రోగ్రాములు రాస్తాం, బ్యాంకర్స్ అల్గారిథమ్ రాస్తాం, రికార్డులో నీట్‌గా ఎక్కిస్తాం. బూట్ అవ్వని మెషీన్ మాత్రం ఒక్కటీ మన ముందు పెట్టరు. ఒక్క ఎక్స్‌పెరిమెంట్ కలపమని అడుగుదాం: వర్చువల్ మెషీన్‌లో కావాలని బూట్ చెడగొట్టి ఇవ్వాలి, ఫార్మాట్ చెయ్యకుండా లేపితేనే మార్కులు.

వాళ్ళు ఒప్పుకునేదాకా, చెడగొట్టిన ఇమేజ్‌లు మూడు నా దగ్గరున్నాయి. ఆదివారం రూమ్‌కి రండి. పెన్‌డ్రైవ్ తేవద్దు.