పాసేజి ఏమంటోంది, మనమేమంటున్నాం?

బ్యాంకు కౌంటరు అద్దానికి ఇవతల నిలబడి పాసుబుక్కు లోపలికి తోసే చేతులు మనవే. అద్దానికి అవతల కూర్చుని దాని మీద ముద్ర కొట్టే చేతులు ఎన్ని చోట్ల మనవి? పాఠకులు తమ వూరి బ్యాంకుకు పోయినప్పుడు ఒకసారి తలెత్తి చూడండి.

1969లో 14 బ్యాంకులు, 1980లో మరో 6 బ్యాంకులు జాతీయం అయ్యాయి. బందరులో 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు ఆ ఆరింటిలో ఒకటి. ఇప్పుడా పేరు లేదు, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేశారు. పేర్లు మారినా ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు ఏడున్నర శాతం వుద్యోగాలు రాజ్యాంగం పుణ్యమా అని దక్కుతున్నాయి. ప్రైవేటు బ్యాంకుల్లో ఆ మాటే లేదు. అంచేత మన పిల్లలకు బ్యాంకు వుద్యోగం అంటే ప్రభుత్వ బ్యాంకు వుద్యోగమే. ఆ గడప దగ్గర ఇరవై నిమిషాల పరీక్ష ఒకటి కూచుని వుంది. ఈ సంచికలో ఆ ఇరవై నిమిషాల గురించే రాస్తున్నాం. వుద్యమ పత్రికలో ఈ గైడు పుస్తకాల గొడవేమిటని కొందరు మిత్రులు నొచ్చుకోవచ్చు. నొచ్చుకున్నా ఫర్వాలేదు, చివరిదాకా చదవండి.

ముందు లెక్క చెప్తాం. 2011 నుంచి ఎక్కువ బ్యాంకులకు కలిపి ఐబిపిఎస్ ఒకే పరీక్ష పెడుతోంది. అందులో మొదటి మెట్టు ప్రిలిమ్స్. ఇంగ్లీషుకు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. అంటే ప్రశ్నకు నలభై సెకన్లు. పాసేజి చదవడం కూడా ఆ సెకన్లలోనే అయిపోవాలి. తప్పు రాస్తే పావు మార్కు కోత. ఇంగ్లీషుకు కటాఫ్ విడిగా వుంటుంది. లెక్కల్లో, రీజనింగులో మొనగాడివైనా ఇంగ్లీషులో ఒక్క మార్కు తక్కువైతే ఇంటికే.

మా పేటలో ఒక అమ్మాయి అట్లా రెండుసార్లు ఇంటికొచ్చింది. బీకాం చదివింది. తల్లి మిరపకోతలకు పోతుంది. పిల్ల లెక్కల్లో చురుకు, చక్రవడ్డీ నోటితో చెప్పేస్తుంది. రెండోసారి ఫలితం వచ్చాక మా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, పాసేజి చదివాను. అన్ని మాటలూ తెలిసినట్టే వున్నాయి. ఏం చెప్పిందో మాత్రం తెలవలేదు" అంది. ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పిన మాకు ఆ మాట చెంపదెబ్బే.

ఎందుకంటే ఆ పిల్ల మా బడిలోనే చదివింది. మేము చేసిన పని ఏమిటో దాచుకోకుండా చెప్తున్నాం. ఇంగ్లీషు పాఠం చదివించేటప్పుడు "ఫస్టు ప్రశ్నకు ఆన్సరు ఇక్కడ్నించి ఇక్కడి దాకా" అని పెన్సిలుతో బ్రాకెట్లు పెట్టించాం. పిల్లలు బ్రాకెట్టు లోపలిది బట్టీ పట్టారు. బ్రాకెట్టు బయట ఏముందో వాళ్లకు తెలియదు, మేమూ చెప్పలేదు. సిలబస్ తరుముతుంటే, ఫలితాల శాతం అడుగుతుంటే అదే దారి అనుకున్నాం. పదేళ్లు బ్రాకెట్లలో బతికిన పిల్ల ముందు బ్రాకెట్లు లేని నాలుగొందల మాటల పాసేజి పెడితే తెల్లమొహం వేయక ఏం చేస్తుంది?

ఇంగ్లీషు మీడియం వస్తే అన్నీ సర్దుకుంటాయని మేమూ కేకలేసిన వాళ్లమే. ఇప్పటికీ ఆ కేక వెనక్కి తీసుకోం. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 81 తెచ్చినప్పుడు, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు, తెలుగు తల్లి కోసం కన్నీళ్లు పెట్టుకున్న పెద్దల్లో ఎంతమంది పిల్లలు తెలుగు మీడియంలో చదివారో అడిగాం. జవాబు రాలేదు. అయితే మీడియం మార్చినంత మాత్రాన చదవడం రాదు. బ్రాకెట్టు ఇంగ్లీషు మీడియంలోనూ బ్రాకెట్టే.

ఆ అమ్మాయితో మొదలుపెట్టి ఏడుగురితో ఆదివారం సాయంత్రాలు చర్చి వెనక గదిలో కూచుంటున్నాం. ఆ గదికి ఒక అర్థముంది. మన పల్లెల్లో చాలామంది అవ్వలు బడి మొహం చూడకుండానే అక్షరం నేర్చింది బైబిలు మీద. పాస్టరుగారు వాక్యం చదువుతారు, ఆపుతారు, "ఇక్కడ ప్రభువు ఎవరితో అంటున్నాడు? ఎందుకంటున్నాడు?" అని అడుగుతారు. చాప మీద కూచున్న కూలి తల్లి జవాబు చెప్తుంది. రీడింగ్ కాంప్రహెన్షన్ అంటే ఇదే గదా! మన వాళ్లకు రానిది కాదు. అది వచ్చని ఎవరూ మనకు చెప్పలేదు, అంతే.

మొదటి నెల పరీక్ష పేపరు ముట్టుకోలేదు. వాక్యం ఎట్లా నడుస్తుందో చూశాం. తెలుగులో పని చివర వస్తుంది. "బ్యాంకు అప్పు ఇవ్వని రైతులు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయారు" అంటాం. ఇంగ్లీషు వాడు ముందు రైతులంటాడు, తర్వాత 'హూ' అని తోక తగిలించి ఆ బ్యాంకు సంగతి చెప్తాడు, అటు తర్వాత పోయారంటాడు. మన పిల్లలు మాటకు మాట తెలుగు చేసుకుంటూ పోయి ఆ తోకలో చిక్కుకుంటారు. అందుకని ఒకటే అలవాటు చేశాం: పొడుగు వాక్యం కనబడగానే ఎవరు, ఏం చేశారు అన్న రెండూ ముందు పట్టుకో, తోకలు తర్వాత చూసుకుందువు. 'హౌఎవర్', 'ఆల్దో', 'అన్‌లెస్' వచ్చినచోట ఆగు. అరక మలుపు తిరిగేది అక్కడే. పాసేజి అంతవరకూ చెప్పింది ఒకటి, అసలు చెప్పదలుచుకుంది ఇంకొకటి.

మాటల సంగతికొస్తే కోచింగు సెంటర్లు వేల మాటల జాబితాలు అమ్ముతున్నాయి. మన పిల్లలు తడబడేది ఆ వింత మాటల దగ్గర కాదు, తెలిసిన మాటల దగ్గర. 'ఇంటరెస్ట్' అంటే ఆసక్తి అని ఆరో తరగతిలో నేర్చారు. బ్యాంకు పాసేజిలో అది వడ్డీ, ఇంకోచోట ప్రయోజనం. 'క్రెడిట్' ఒకచోట అప్పు, ఒకచోట ఘనత. 'సెక్యూరిటీ' అనగానే గేటు దగ్గర కాపలావాడు గుర్తొస్తాడు, పాసేజిలో అది తాకట్టు. 'సౌండ్ బ్యాంక్' అన్నదాన్ని మావాడొకడు చప్పుడు చేసే బ్యాంకు అన్నాడు. అందరం నవ్వాం, తర్వాత నవ్వు ఆగిపోయింది. వాడి తప్పేముంది? గట్టి బ్యాంకు అని వాడికి చెప్పిన వాళ్లెవరు? ఇక 'లెండ్', 'బారో' అయితే మరీనూ. తెలుగులో ఇచ్చినా అప్పే, తెచ్చినా అప్పే. ఇంగ్లీషులో ఇచ్చేవాడి మాట వేరు, తెచ్చుకునేవాడి మాట వేరు. తరతరాలుగా తెచ్చుకునే వైపే వున్నవాళ్లం, ఆ రెండు మాటలూ తారుమారైతే పాసేజి మొత్తం తలకిందులవుతుంది.

రెండో నెల ఒక పాసేజి మేమే రాసి తీసుకుపోయాం. పొదుపు సంఘాల మీద. 1992లో నాబార్డు మహిళా సంఘాలను బ్యాంకులతో కలిపే పథకం మొదలుపెట్టింది, ఆడవాళ్లు గడువుకు అప్పు తీరుస్తారు, అందుకే తాకట్టు లేకపోయినా బ్యాంకులు ముందుకొచ్చాయి అని అందులో వుంది. పాసేజి ప్రకారం బ్యాంకులు ఎందుకు ముందుకొచ్చాయన్నది ప్రశ్న. ఒక కుర్రాడు "ప్రభుత్వం ఒత్తిడి వల్ల" అన్నదానికి టిక్కు పెట్టాడు. ఎందుకురా అంటే, "గడువుకు కట్టడం ఏంది మాస్టారూ! మా అమ్మ ప్రైవేటు ఫైనాన్సు దగ్గర తెచ్చి సంఘం వాయిదా కడతంది. వారంవారం వాడొచ్చి వాకిట్లో కూచుంటాడు. ఇందులో రాసింది అబద్ధం" అన్నాడు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. వాడు చెప్పింది నిజం. వాడు పెట్టిన టిక్కు తప్పు.

మన పిల్లలు పోగొట్టుకుంటున్న మార్కుల్లో కొన్ని ఇట్లాంటివే. తెలివి లేక పోయినవి కావు, బతుకు తెలిసి పోయినవి. పాసేజి రాసేవాడు ఎక్కడో కూచుని పేదవాళ్ల అప్పు గురించి, వూళ్లో బ్యాంకు శాఖల గురించి, వలస కూలీల గురించి రాస్తాడు. అదంతా మన ఇంటి సంగతే. చదువుతుంటే కడుపు మండుతుంది. మండిన కడుపుతో టిక్కు పెడితే పావు మార్కు కోత. పరీక్ష నీ అనుభవం అడగడం లేదు, ఆ కాగితం ఏమందో అడుగుతోంది. 'అకార్డింగ్ టు ది పాసేజ్' అన్న మాటకు అర్థం అదే.

మరి అనుభవాన్ని గేటు బయట విడిచి రమ్మంటామా? అనం. ఆ రోజు నుంచి నోటుబుక్కులో పేజీ మధ్యన గీత గీయించాం. ఎడమ వైపు పాసేజి అన్నది, కుడి వైపు మనమంటున్నది. ఎడమ వైపు చూసి టిక్కు పెట్టాలి. కుడి వైపు రాసుకోవాలి, ఇంగ్లీషులోనే, తప్పులున్నా సరే. ఆఫీసరు పరీక్ష మెయిన్స్‌లో వ్యాసం కూడా రాయమంటారు. కుడి వైపు పేజీ అక్కడ పనికొస్తుంది. 1923లో రూపాయి సమస్య మీద ఇంగ్లీషులో పుస్తకం వేసిన అంబేద్కర్ చేసిందీ అదే పని. ఎదుటివాళ్లు రాసింది పూర్తిగా చదివి, వాళ్లేమన్నారో తేల్చి, అటు తర్వాత తన మాట పెట్టాడు. చదవకుండా జవాబు చెప్పలేదు.

'ఇన్ఫరెన్స్' ప్రశ్నలు అందరినీ ఏడిపిస్తాయి. మేం చెప్పుకున్నది ఇట్లా: పొగ కనపడితే ఆ ఇంట్లో పొయ్యి రాజేశారు అనుకోవచ్చు. ఏం కూర వండుతున్నారో చెప్పకూడదు. 'ఆల్వేస్', 'ఓన్లీ', 'ఆల్' అని బల్లగుద్దే ఆప్షను కనబడితే, పాసేజి అంత గట్టిగా అన్నదా అని వెనక్కి పోయి చూడాలి. 'నాట్', 'ఎక్సెప్ట్' అని అడిగితే ఆ మాట కింద వేలు పెట్టుకోవాలి. పాసేజి చదవక ముందే ప్రశ్నలు చూడాలా, తర్వాతా అని పిల్లలు తెగ అడుగుతారు. మా ఎరుకలో ప్రశ్నలు ఒకసారి కళ్లతో తిప్పి పాసేజికి పోవడం మేలు, ఆప్షన్లు మాత్రం ముందు చదవొద్దు, అవి మనసులో దిగబడి లేనివి వున్నట్టు చూపిస్తాయి. ఇంతకు మించిన చిట్కాలు మా దగ్గర లేవు. "పాసేజి చదవకుండానే ఆన్సరు పట్టేయండి" అని వేలు గుంజే వాళ్లను మాత్రం నమ్మకండి.

ఒకనాడు ఆ అమ్మాయి తల్లి పాసుబుక్కు పట్టుకొచ్చింది. "అయ్యా, ఏడాదికోసారి నాలుగొందల ముప్పైఆరు రూపాయలు కోసేస్తన్నారు, ఎందుకో అడిగితే బ్యాంకులో కసిరారు" అంది. ఆనాటి పాసేజి అదే అయ్యింది. బ్యాంకు ఇచ్చిన ఇంగ్లీషు కాగితం పిల్లలే చదివారు. అది జీవన జ్యోతి బీమా. మే నెలాఖరులో కోత, జూన్ 1 నుంచి ఏడాది పాటు బీమా. మనిషి పోతే నామినీకి 2 లక్షలు, నామినీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఒకామె లేచి నిలబడింది. ఆమె పెనిమిటి పాసుబుక్కులోనూ ఆ కోత వుంది. ఆయన చనిపోయి ఏడు నెలలైంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చదవలేదు. ఆ రాత్రే క్లెయిము ఫారం పిల్లలు నింపారు. మర్నాడు ఇద్దరు తోడుగా పోయి బ్యాంకులో ఇచ్చి రసీదు అడిగి తీసుకున్నారు. ఏమవుతుందో చూడాలి. గైడు పుస్తకాల గొడవ వుద్యమ పత్రికలో ఎందుకన్న మిత్రులకు మా జవాబు ఆ రసీదు.

ఇంకొక మాట ప్రభుత్వాన్ని అడగాలి. క్లర్కు పరీక్షలు 13 ప్రాంతీయ భాషల్లో పెడతామని 2021 సెప్టెంబరులో కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. మంచిదే. ఇంగ్లీషు పేపరు మాత్రం ఇంగ్లీషే. వుండనీయండి, నేర్చుకుంటాం. గ్రామీణ బ్యాంకుల మెయిన్స్ సంగతి చూడండి. అక్కడ భాష పేపరు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయవచ్చు. హిందీ ఇంట్లో పుట్టినవాడు తల్లి భాషలో పాసేజి చదువుకుంటాడు. తెలుగు పిల్లకు తెలుగు పేపరు లేదు. గ్రామీణ బ్యాంకు గుమస్తా రోజంతా మాట్లాడేది ఎవరితో? ఆ మిరపకోతల తల్లితోనే గదా. ఆమె మాట తెలిసిన పిల్లకు ఆ మాటలో పేపరు లేకపోవడం ఏం న్యాయం? ఇంగ్లీషు కావాలన్నదీ మేమే, హిందీకి ఇచ్చిన పీట తెలుగుకూ వేయమంటున్నదీ మేమే. రెండింటికీ పేచీ లేదు. దీనిమీద వినతిపత్రం తయారైంది. సంతకాలు పెట్టేవాళ్లు పెట్టండి. మన వోట్లతో గెలిచి ఢిల్లీ పోయిన రిజర్వుడు ఎంపీలు ముందుగా పెట్టండి.

నోటిఫికేషను పడినప్పుడు దరఖాస్తులో ప్రీ ఎగ్జామినేషన్ ట్రైనింగ్ అన్న గడి వుందేమో వెతకండి. ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు అది వుచితం. చాలామంది చూడక వదిలేస్తున్నారు. అదీ కాంప్రహెన్షనే.

చర్చి వెనక గదిలో ఏడుగురు ఇప్పుడు పందొమ్మిది మంది అయ్యారు. ఒక లైటు చాలడం లేదు. వుద్యోగాల్లో వున్న మిత్రులు చదివేసిన ఇంగ్లీషు పేపర్లు తూకానికి అమ్మకుండా కట్టగట్టి పంపండి, ఎడిటోరియల్ పేజీలు చాలు. బ్యాంకుల్లో పనిచేస్తున్న మనవాళ్లు నెలకొక ఆదివారం వచ్చి కూచోండి. ఆ అమ్మాయి మూడోసారి రాయబోతోంది. ప్రస్తుతం పాసేజికి తొమ్మిది నిమిషాలు తీసుకుంటోంది, ఆరుకు దించాలి.