తొలకరి పడేలోగా నిమ్మచెట్టు మొదలు చూడండి!

అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు మండలాల రైతు అక్కల్లారా, అన్నల్లారా!

ఇటుకల పండుగ అయింది. వానలు దగ్గరపడ్డాయి. ఈలోగా పెరట్లో నిమ్మ, దబ్బ, తోటలో కమలా చెట్ల మొదళ్లు ఒక్కసారి వంగి చూడండి. బెరడు పగిలి బంక కారుతోందా? గోకితే లోపల గోధుమరంగులో కుళ్లి ఉందా? ఆకులు పసుపెక్కి రాలుతున్నాయా? కొమ్మలు కొసల నుంచి ఎండుతున్నాయా?

అయితే అది దిష్టి కాదు, బంక తెగులు. ఫైటోఫ్తోరా అనే బూజులాంటి జీవి తెస్తుంది. దాని సిద్ధబీజాలు నీళ్లలో ఈదుతాయి. పాదులో వాననీరు నిలిస్తే వేళ్లకు పాకుతాయి, వాలు వెంట పారితే కింది తోటకు దిగుతాయి. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ మీదికి పాకించిన మిరియాల తీగ వానాకాలంలో ఉన్నట్టుండి వాడి చచ్చేదీ ఈ జాతి తెగులుతోనే. కనుక ఒక్కరు మందు వేసి ఊరుకుంటే చాలదు. ఊరంతా కదలాలి.

విరుగుడు మట్టిలోనే ఉంది. ట్రైకోడెర్మా అనే ఆకుపచ్చ బూజు తెగులు బూజు పోగులను చుట్టుకుని, వాటిని కరిగించి తింటుంది. మట్టిలోని తెగులు బూజులను ఇది తినేస్తుందని 1932లో లోకానికి చెప్పిన రిచర్డ్ వైండ్లింగ్, అమెరికాలో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ నిమ్మజాతి పరిశోధనా కేంద్రంలో పనిచేసినవాడే. అంటే ఈ మందు మొదటి నుంచీ నిమ్మతోటల చుట్టమే.

తయారీ కష్టం కాదు. బాగా మాగిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా పొడి 2 కిలోలు కలపండి. చెట్టు నీడలో కుప్ప పోసి, నీళ్లు చిలకరించి, గోనెపట్టా కప్పండి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. మధ్యలో ఒకసారి తిరగేయండి. వారం పది రోజుల్లో కుప్పంతా తెల్లగా, పచ్చగా బూజు పడుతుంది. అప్పుడు మొదలుకు కాస్త ఎడంగా పాదు చుట్టూ వేసి మట్టిలో కలపండి.

దీంతోపాటు కాలువ తీయండి, పాదులో నీరు నిలవనీయకండి. అంటుకట్టిన చోటు మట్టిలో కూరుకుపోతే పైకి తేల్చండి. బంక కారే పుండును శుభ్రంగా చెక్కి బోర్డో పేస్టు పూయండి, కానీ మైలుతుత్తం నీళ్లు పాదులో పోయకండి. అవి ట్రైకోడెర్మాకూ చేటు, గెడ్డ నీటికీ చేటు. ఆ గెడ్డ నీళ్లే మన పిల్లలు తాగుతారు. మందుల్లేని పంటగా పేరు తెచ్చుకున్న కాఫీ కూడా ఆ పక్కనే ఉంది.

పూర్తిగా ఎండిన చెట్టును ఈ బూజు బతికించదు. పచ్చగా ఉన్నదాన్ని కాపాడుతుంది. ఆలస్యం చేయొద్దనేది అందుకే.

రైతు సేవా కేంద్రానికి నలుగురూ కలిసి వెళ్లండి. ట్రైకోడెర్మా ఇప్పుడే తెప్పించమని అడగండి, వానలు ముదిరాక వస్తే ఏం లాభం? ప్యాకెట్టు మీద తయారీ తేదీ, గడువు తేదీ చూడండి. అందులో ఉన్నది ప్రాణమున్న బూజు. పాతబడితే, ఎండలో పెడితే చచ్చిపోతుంది. పాడేరు ఐటీడీఏ వారిని మేం కోరేది ఒక్కటే: వేపపిండి, ట్రైకోడెర్మా తొలకరికి ముందే ప్రతి పంచాయతీకీ చేర్చండి.

ఊరికొక కుప్ప! ఈ నెలలోనే! పశువుల ఎరువు ఉన్నవారు ఎరువు తెండి, లేనివారు చేయి సాయం చేయండి. ముసలివాళ్ల, ఒంటరి ఆడవాళ్ల పెరటిచెట్లకు ముందు వేయండి.

ఇట్లు,
అరకు లోయ నిమ్మ, కాఫీ, మిరియాల రైతులు